పొల్లు

కొషిత్సె నగరంలో తెల్లవారుజామున నాలుగున్నరకి
ఉక్కు కర్మాగారం వైపు మొదటి ట్రామ్ తీసే మనిషి
రద్కా. ముప్పై రెండేళ్లు.
అద్దం మీద పేరుకున్న మంచుని
గడువు తీరిన లైబ్రరీ కార్డుతో గీకుతుంది.
ఫ్లాస్కు మూతలో టీ పోసుకుంటుంది, తాగదు.
తాగితే మధ్యలో ఆపడానికి చోటుండదు.

ఎనిమిది నెలలుగా నెత్తురు.
మొదట సీటు గట్టిదనాన్ని తిట్టింది,
తర్వాత బీట్‌రూట్‌ని.
తర్వాత ఎవరినీ తిట్టలేదు,
చూడకుండా ఫ్లష్ నొక్కి వచ్చేసేది.
డాక్టరు కంటి కింది రెప్ప లాగి చూసి
ఐరన్ మాత్రలు రాశాడు.
"ఈ వయసులో అదేం ఉండదులే" అన్నాడు.
'అది' అంటే ఏదో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు.

ఆసుపత్రిలో ఏదో పరిశోధనట,
యాభై దాటనివాళ్ల రక్తం కావాలట.
అక్క వ్లస్తా పోరు పడలేక వెళ్లింది.
రెండు గొట్టాల నెత్తురు, మోచేతి మడతలో కాస్త దూది,
అంతే. పదింటికి మళ్లీ డ్యూటీ.

ఇక్కడ నేనొక మాట చెప్పాలి.
మన అక్షరానికి తలకట్టు తీసి పొల్లు పెడితే
అక్షరం అక్షరంగానే ఉంటుంది,
గొంతు పోతుంది.
న. న్.
ఒంట్లోనూ అంతే.
కణం నుదుటి రాతలో ఒక్క అక్షరం చెరగదు,
"ఇక చాలు, పెరగకు" అనాల్సిన వాక్యం మీద మాత్రం
ఎవరో వరసగా పొల్లులు పెట్టుకుంటూ పోతారు.
వాక్యం ఉంటుంది. పలకదు.
పలకని చోట పేగు
ఇష్టం వచ్చినట్టు మొలకెత్తుతుంది.

ఆ మూగ వాక్యాల చిరుగులు
వరదలో దస్తావేజు ముక్కల్లా
నెత్తుట్లో కొట్టుకొస్తాయి.
రెండు గొట్టాల్లో ఎన్ని దొరుకుతాయి?
ఒకటో, రెండో. అసలు ఉండవో.

డొరొతా వాటిని ఉతుకుతుంది,
ఘాటు ద్రావణంలో, రాత్రంతా వేడిలో.
పొల్లు లేని 'సి'లన్నీ వెలిసిపోయి
వేరే అక్షరాలైపోతాయి.
పొల్లు పడ్డవి కదలవు.
ఉతికినా పోని మరకని వెతకడమే ఆమె కొలువు.
ఆమెకి రద్కా తెలియదు. 417 తెలుసు.
మూడు గుంటల్లో 417.
రెండింట్లో గీత నేలబారుగా పడుకునే ఉంది.
మూడోదాన్లో, ముప్పై ఎనిమిదో చుట్టుకి,
నిద్రలోంచి ఎవరో మోచేతి మీద లేచినట్టు
కొంచెం లేచింది.
డొరొతా కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసింది.
నిజమా, నలుసా? యంత్రం చెప్పదు.
"అనుమానం" గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి
ఇంటికెళ్లి ఉల్లిపాయలు తరిగింది.

ఆ సాయంత్రం ఆమె రద్కా ట్రామ్ ఎక్కిందని రాస్తే బాగుండేది.
ఎక్కలేదు. డొరొతాకి సైకిలుంది.

ఫోను వచ్చేసరికి రద్కా ఆఖరి స్టాపులో ఉంది.
"ఖాయమేం కాదు, కెమెరాతో చూడాలి" అంది అవతలి గొంతు.
గురువారం రాత్రి
నిమ్మకాయలా నటించే నీళ్లు నాలుగు లీటర్లు.
వ్లస్తా బాత్రూమ్ తలుపు బయట చతికిలబడి
గళ్లనుడికట్టు గట్టిగా చదివింది.
"ఏడక్షరాలు. నీళ్లలో బతికేది."
"నీళ్ల ఊసెత్తకు నా దగ్గర."

శుక్రవారం. మత్తు వద్దంది.
పక్కకి తిరిగి పడుకుని
తెర మీద తన సొరంగాన్ని తనే చూసింది.
తడి గులాబీ గోడలు, దీపం, మలుపు.
మలుపులు ఆమెకి కొత్త కాదు.
పట్టా వంగిన చోట చక్రం కీచుమంటుంది,
వీధి వీధంతా లేస్తుంది.
ఇక్కడ ఏదీ కీచుమనలేదు.
రెండో మలుపు దాటాక కెమెరా నిలిచిపోయింది.
డాక్టరు ఏమీ అనలేదు.
నర్సు భుజం మీద చెయ్యి వేసింది,
చెయ్యి వెచ్చగా ఉంది.

"ఆపారేం?" అంది రద్కా,
వెనక సీటు ముసలాయన రోజూ తనని అడిగే గొంతుతో.