వదులు కుట్టు

మా తమ్ముడు ఇంద్రికిస్‌ని బంధించిన చొక్కాలన్నీ
కుట్టింది నేనే.
రీగా రేవులో తెరచాపల కొట్టు మాది.
మాదంటే, నాన్న అక్కడ కూలికి కుట్టేవాడు.
గాలికి చిరగని గుడ్డ
మనిషికి మాత్రం ఎందుకు చిరుగుతుంది?

అప్పు కింద నాన్నని పట్టుకెళ్ళిన రోజు
జైలు గేటు ముందు నేను ఏడుస్తుంటే
తొమ్మిదేళ్ళవాడు నా చెయ్యి లాగి అడిగాడు:
"అక్కా, అన్ని తాళంచెవులూ ఒకే గుత్తిలో ఉంటే
ఏది ఏ తలుపుదో వాళ్ళకెలా తెలుస్తుంది?"

ఆ చలికాలమంతా
తుప్పు పట్టిన తాళాలు ఏరుకొచ్చి పరుపు కింద దాచాడు.
ఇనుము వేళ్ళకి అతుక్కుపోయే చలి.
తాళం ఊడితే
రొట్టె దొరికినంత నవ్వు నవ్వేవాడు.
రొట్టె మాత్రం దొరికేది కాదు.

తర్వాత గోడల మీద "కెప్టెన్ నోర్డో" అయ్యాడు.
ఏ ఓడకీ కెప్టెన్ కాదు,
ఓడల్లో అన్నిటికన్నా కింద, బొగ్గు పక్కన పడుకుని వెళ్ళేవాడు.
బొమ్మలో ఛాతీ రెండింతలు గీశారు.
లోపల బంగాళదుంప తొక్కల చారు.

ల్యూబెక్‌లో థియేటరు యజమాని
రాత్రికి రాత్రే డబ్బుతో ఉడాయించాడట.
ఎన్ని తాళాలు విప్పినవాడో,
ఆ గల్లాపెట్టె ముందు నిలబడిపోయాడు.
అది తెరిచే ఉంది.

ఘెంట్‌లో ఎవడో కమ్మరి
సంకెళ్ళ తాళంలో ఇసుక పోశాడు.
గంటా ఇరవై నిమిషాలు.
ఈలలు, ఆపిల్ తొక్కలు, "డబ్బులు వాపస్" అని అరుపులు.
తెర వెనక రెండు గోళ్ళు వదిలేసి బయటికొచ్చి
చేతులు వీపు వెనక దాచుకుని
నవ్వుతూ వంగాడట.
ఈ మాట వాడు చెప్పలేదు. గోళ్ళు చెప్పాయి.

ఇక నా సంగతి.
ప్రతి చొక్కాలోనూ
కుడి చేతి చివర, వేళ్ళు మూసుకుపోయే చోట,
లోపలి మడతలో ఒక్క కుట్టు వదులుగా వదిలేదాన్ని.
మైనం పూయని దారం.
లాగితే చాలు, వేళ్ళు బయటికొస్తాయి,
బకిళ్ళు అందుతాయి.
వాడికి చెప్పలేదు. చెబితే మంటెత్తిపోతాడు.
వేళ్ళే కనుక్కుంటాయిలే అనుకున్నాను.

చొక్కాలు బాగుచేతకి తిరిగొచ్చేవి,
చెమట, నెత్తురు, వార్నిష్ కలిసిన వాసనతో.
మొదట ఆ మడతే వెతికేదాన్ని.
నా దారం నేను వదిలినట్టే ఉండేది.
అంటే మళ్ళీ భుజం కీలు ఊడదీసుకునే వచ్చాడన్నమాట.
ఏళ్ళ తరబడి అంతే.
ఒకరోజు ఆ కీలు
తిరిగి గూటిలోకి వెళ్ళనంది.

ఇప్పుడు నా గదిలోనే, పొయ్యి పక్కన మంచం.
గుండీ పెట్టుకోలేడు.
కింది వాటా పిల్ల ఎల్జా
వాడి చేతులు రిబ్బనుతో కట్టి "విప్పుకో తాతా" అంటుంది.
వాడు పళ్ళు బిగించి గింజుకుంటాడు.
కాసేపటికి ఆ పిల్లే జాలిపడి విప్పుతుంది.
నేను కళ్ళు కుట్టుపనిలోకి దించుకుంటాను.

నిన్న రాత్రి చొక్కా విప్పుతుంటే అడిగాడు:
"అక్కా, ఆ ఒక్క దారానికీ
మైనం ఎందుకు పూసేదానివి కాదు?"

నా చెయ్యి ఆగిపోయింది.

"మొదటి చొక్కా నుంచీ తెలుసు" అన్నాడు.
"లోపల నా ఊపిరి నాకే వేడిగా తగిలేది.
అప్పుడు వేలితో ఒకసారి తడిమేవాణ్ణి.
ఉందా? ఉంది. అంతే."

"లాగొచ్చుగా, వెధవా!
భుజమైనా మిగిలేది."

"లాగేస్తే
మళ్ళీ తడమడానికి ఏముంటుంది?"

పొయ్యిలో బొగ్గు ఎగదోసి వచ్చేసరికి
నిద్రపోయాడు,
కుడి చెయ్యి ఇంకా చొక్కాలోనే.