మూడో వరుసలో ఖాళీ

నా పని టార్చిలైటు పట్టుకోవడం.
వాల్పరాయీసో రేవు పక్క పాత నాటకశాలలో
ఆలస్యంగా వచ్చినవాళ్ల కాళ్లముందు
చిన్న వెలుగు ముద్ద పరచడం.
చక్రాలకు ఎక్కడ పరచాలో
నాకెవరూ నేర్పలేదు.

ఇస్మేనియా ఓయార్సూన్‌ని మీరెరగరు.
ముప్పై ఏళ్లు ఈ హాలు పియానోకి శ్రుతి చేసిన మనిషి.
కచేరీ రోజు పొద్దున్నే వెనక గుమ్మంలోంచి వచ్చేది,
సంచిలో బిగింపు చెవి, ఉన్నిగుడ్డ ముక్కలు,
ఒక ఉడకబెట్టిన గుడ్డు.
ఒక్కో తీగనీ చెవి మెలేసి దారికి తెచ్చేది.
సాయంత్రం జనం చప్పట్లు కొట్టే వేళకి
కొండమీద తన ఇంట్లో సూపు కాచుకుంటూ ఉండేది.

తర్వాత వెన్నులో ఏదో, తెగిన తీగలా.
ఆ సంగతి ఆమె ఇంతకన్నా చెప్పదు.
నేనూ చెప్పను.

మొదటిసారి టికెట్టు కొని ముందు గుమ్మానికి వచ్చింది.
పదకొండు మెట్లు.
రోజుకు నలభైసార్లు ఎక్కి దిగేవాణ్ణి,
ఎన్నో ఆ రోజే లెక్కపెట్టాను.
"వెనక పియానో ఎక్కే వాలుబాట ఉందిగా," అంది.
"అది సామాను దారి," అన్నాడు మేనేజరు.
నలుగురం కుర్చీతో సహా ఎత్తాం.
ఊరేగింపులో మేరీమాత అని ఒకడు జోకేశాడు.
ఒక చెప్పు జారి మెట్లమీద పడింది.
తొడిగింది నేనే.
ఆమె చూపు మాత్రం గోడగడియారం మీదే ఉంది.

లోపల ఆమె చోటు స్తంభం వెనక,
నిప్పునార్పే ఎర్ర సిలిండరు పక్కన.
"నడవలో పెడితే దారికి అడ్డం, సెన్యోరా,
రూలు ఒప్పుకోదు."
నాకు చెప్పిన పాఠం నేను అప్పజెప్పాను.
తోడొచ్చిన చెల్లెలు నెలీదాకి బాల్కనీలో సీటు.
ఒకే కచేరీకి వచ్చి అక్కాచెల్లెళ్లు
రెండు వేర్వేరు సాయంత్రాలు కొనుక్కున్నారు.

తొమ్మిదేళ్లు.
వాయించేవాళ్ల చేతులు ఆమె ఒక్కసారీ చూడలేదు.
కుడి మోచెయ్యి ఒకటి స్తంభం అంచు దాటి వచ్చిపోయేది,
గూట్లోంచి తొంగిచూసే పావురంలా.

పోయినేడు కేసు వేసింది.
మేనేజరు మండిపడ్డాడు: "చారిత్రక కట్టడం!
ఒక్క మేకు పీకినా పాపం!"
అదే వేసవిలో బారు కోసం గోడ పగలగొట్టించాడు.

ఎంత డబ్బు కావాలని జడ్జి అడిగింది.
"నా చోట్లో కూర్చోండి," అంది ఇస్మేనియా, "ఒక గంట."

వచ్చింది జడ్జి, ఒక శుక్రవారం, తడిసిన గొడుగుతో.
స్తంభం వెనక మడతకుర్చీ వేశాను.
మొదట వెన్ను నిటారుగా.
తర్వాత మెడ ఎడమకి. తర్వాత కుడికి.
అరగంటకల్లా అంత పెద్దమనిషీ
కిటికీ అందని పిల్లలా ఒరిగిపోయింది.
"వాయిస్తున్నది మగా, ఆడా?"
నా చెవిలో అడిగింది.
నేను చెప్పలేదు.
ఆ కేసులో నేనిచ్చిన సాక్ష్యం అదొక్కటే.

మూడో వరుసలో రెండు కుర్చీలు ఊడదీశారు.
నేలలో ఎనిమిది బోల్టు కన్నాలు, లక్కతో మూశారు.
పక్క కుర్చీ నెలీదాకి.
ముందు గుమ్మానికి చెక్క వాలుబాట వేశారు,
ఇంకా రంగు పడలేదు, తడిస్తే దేవదారు వాసన.

మొదటి రాత్రి అలవాటుకొద్దీ టార్చి వేశాను.
"దించవయ్యా, కళ్లలో పడుతోంది," అంది.
విరామంలో పిలిచింది. కృతజ్ఞత చెబుతుందనుకున్నాను,
సిగ్గులేకుండా.
"పైన ఒక తీగ దిగిపోయింది.
ఇప్పుడెవరు చేస్తున్నారు, ఈ చెవిటి పని?"

ఆమె రాని రోజుల్లో మేనేజరంటాడు:
"ఆ ఖాళీలో మడతకుర్చీలు వెయ్యి. రెండు టికెట్లు."
ఆ గది తాళంచెవి కనబడటం లేదంటాను.
అది నా జేబులోనే ఉంది, చిల్లర నాణేలతో,
నడిచినప్పుడల్లా చప్పుడు చేస్తూ.