ముఖ్య అతిథి: వాన

సెమినార్ హాలు కావాలంటే
ఆకుపచ్చ ఫారం నింపాలి.
ఏ విభాగం? ఏ అంశం? ముఖ్య అతిథి ఎవరు?
విభాగం దగ్గర గీత గీశాం.
అంశం: ఇంకా తెలీదు.
ముఖ్య అతిథి దగ్గర
నఫీసా నవ్వాపుకుంటూ
వాన అని రాసింది.

గుమాస్తా కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, పెట్టుకుని
ఫారం తిరిగిచ్చేశాడు.

అందుకే మా గురువారాలు
గాజు ఊదే షెడ్డు పక్కన, సైకిళ్ల నడుమ,
యశవంతపుర రైలు కూతేసినప్పుడల్లా
సగం మాట మింగేసుకుంటూ.

నియమాలు రెండే.
స్టీలు లోటా ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే మాట.
తెలిసింది చెప్పకూడదు,
తెలియక ఆగిపోయిన చోటు చెప్పాలి.

మొదటి మూడు వారాలు
ఏమీ జరగలేదని ఒప్పుకోవాలి.
ఆర్థికశాస్త్రం కుర్రాడు అరగంట లోటా వదల్లేదు.
భౌతికశాస్త్రం వాళ్లు ముగ్గురొచ్చి
ముగ్గురూ వాళ్లలో వాళ్లే మాట్లాడుకున్నారు.
నేను లెక్కల మనిషిని, తలకాయలు లెక్కపెట్టాను:
పద్నాలుగు, తొమ్మిది, ఐదు.
ఈ వరస ఎటు పోతుందో చెప్పడానికి
గణాంకశాస్త్రం అక్కర్లేదు.

నాలుగో గురువారం, ఫారం చదివినట్టే,
ముఖ్య అతిథి విచ్చేసింది.
రేకుల మీద దబదబా. కరెంటు పోయింది.
వెళ్దామనుకున్నవాళ్లు వెళ్లలేకపోయారు.
గంగులప్ప షెడ్డు తలుపు తీసి
"లోపలికి రాండప్పా, తడిసిపోతారు" అన్నాడు.
ముళబాగిలు తెలుగు.
నాకు ప్రాణం లేచొచ్చింది.

లోటా అప్పుడు నఫీసా చేతిలో ఉంది.
రాత్రుళ్లు కప్పల అరుపులు రికార్డు చేసే పిల్ల.
"ఈ కెమిస్ట్రీ పార్కింగ్ దగ్గరే
ఎందుకింత గోల?
గుంట లేదు, కాలువ లేదు.
సిమెంటు మీద కూర్చుని
ఎవర్ని పిలుస్తున్నాయవి?"

ఇంతలో పైకప్పు కారడం మొదలైంది.
గంగులప్ప ఆమె చేతిలో లోటా లాక్కుని
ధార కింద పెట్టాడు.
టంగ్. టంగ్.
మా నియమం అక్కడ నీళ్లు పడుతోంది.
ఇక ఎవరైనా మాట్లాడొచ్చు.

బెళ్ళియప్ప పాత భూమి దస్తావేజులు చదువుతాడు.
అప్పటిదాకా పెదవి విప్పనివాడు
ఫోను వెలుగులో ఒక పటం చూపించాడు.
చెరువు. కట్ట. కట్టకో తూము.
"రెండేళ్లుగా వెతుకుతున్నా,
ఈ తూము ఎక్కడుండేదో దొరకలేదు."

నాలుగు వారాలుగా మా పక్కనే పనిచేస్తున్నా
గంగులప్పకు లోటా ఇవ్వాలని
మాలో ఎవరికీ తోచలేదు.
ఇప్పుడు లోటా లేకుండానే అన్నాడు:
"చల్లారేటప్పుడు గాజు చిట్లుతాది.
వానాకాలంలోనే, ఈ మూలనే.
పదకొండేండ్లు
నా ఊపిరిదే తప్పనుకుంటి."

నీరు పల్లమెరుగు.
మిగతా సగం సామెత
ఎవరి నోటా రాలేదు.
టంగ్. టంగ్.

చెప్పాల్సింది నేను చెప్పాను, నా కూలి అదే.
మూడు సంగతులు ఒకచోట కలిసినంత మాత్రాన
నిజం కానక్కర్లేదు. కాకతాళీయం కావచ్చు. కొలవాలి.
అంటూనే చెప్పులు విప్పి
ఆ మూల నేల మీద పాదం ఆనించాను.
చల్లగా ఉంది.
అది కొలత కాదు. తెలుసు.

సివిల్ వాళ్ల తేమ మీటరు అరువు తెచ్చాం.
సగం రీడింగులు అవునన్నాయి, సగం కాదన్నాయి.
మట్టిని అడగడం ఎలాగో
ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాం.
ఈలోగా నేను రెండు జాతుల కప్పల్ని
గొంతుతో గుర్తుపడుతున్నాను.
నఫీసా నోట తూము, అలుగు, మడవ.
బెళ్ళియప్ప సగటు గురించి నన్ను నిలదీస్తున్నాడు,
అదీ తప్పుగా,
కానీ ఎంత మంచి తప్పు!

గంగులప్ప బల్లను ఆ మూల నుంచి జరిపాడు.
ఆ వారం రెండు గొట్టాలు చిట్లాయి.
మూడోది నిలిచింది.
కిటికీ వెలుగుకు పట్టి చూపిస్తూ
రిజిస్టరు నా ముందుకు తోశాడు.
"ఇది ఏ డిపార్ట్‌మెంటుదని రాసుకోవాలమ్మా?"

గురువారం చెప్తానన్నాను,
లోటా నా దాకా వచ్చినప్పుడు.