పదకొండో వరుస, నాలుగో అర

ఒకప్పుడు ఇక్కడ హెరింగ్ చేపల్ని ఉప్పుపట్టేవాళ్లు.
ఇప్పటికీ వాన పడితే గోడలు ఆ వాసనే కక్కుతాయి.
పీపాలు దొర్లిన నేల మీద
ఇనుప బీరువాలు నిలబడి గుయ్యిమంటాయి.
ఒక్కో అరలో ఎవరెవరి మాటలో:
రొట్టెల కొట్టు ధరలు, పెళ్లి ఫోటోలు,
గొర్రెల వేలం, లోకం ముగిసే తేదీ చెప్పే ఓ పెద్దమనిషి.
అందరికీ ఒకటే చలి, ఒకటే కరెంటు.

మా యజమాని హల్బ్యోర్న్ అంటాడు:
"మనం అద్దెకిచ్చింది గది, ఆర్న్‌దీస్.
లోపల పాడుకుంటారో తిట్టుకుంటారో మనకెందుకు?"
అంటూనే ఫిర్యాదుల పెట్టె తాళంచెవి నాకిచ్చి
ఇంటికెళ్లి పడుకుంటాడు.
పాము చావకూడదు, కర్ర విరగకూడదు,
కర్ర మాత్రం నా చేతిలో ఉండాలి.

ఈ రాత్రి రెండు ఉత్తరాలు.

మొదటిది ఓస్లో వకీలుది.
ప్రతి వాక్యానికీ మెడదాకా బొత్తాలు.
ఓడ్లేవ్ అనే ముసలి జాలరి
పన్నెండేళ్లుగా రాసిపెడుతున్నాడట,
ఏ ఓడ ఏ రేవులో ఎన్ని టన్నుల దొంగ తూకం వేసిందో.
"మా కక్షిదారు పరువుకు భంగం.
ఇరవై నాలుగు గంటల్లో తొలగించగలరు."

రెండోది ఎక్కడినుంచో తెలీదు.
చుక్కల్లేవు, కామాల్లేవు.
"మా పాప బడికెళ్లే దారి పటం గీసి పెట్టారు
కోటు రంగు కూడా రాశారు
కింద ముప్పైమంది నవ్వుతున్నారు
దయచేసి"
అక్కడితో ఆగిపోయింది.

ముసలాయన లెక్కలూ ఆ పటమూ
ఒకే అరలో పక్కపక్కనే కాపురం.
నా తెర మీద రెండింటి పక్కనా
ఒకే కొలత ఎర్ర గడి.

మా నాయనమ్మ థోర్‌హిల్దుర్
ఈ లోయ టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో కూర్చునేది.
పదహారు ఇళ్లకి ఒకటే తీగ.
రెండు పొడుగు గంటలు, ఒక పొట్టి గంట అంటే ఫలానా ఇల్లు,
మోగిందంటే పదహారు ఇళ్లలోనూ చెవులు లేచేవి.
"వినడం తప్పు కాదే,
విన్నట్టు కనపడటం తప్పు" అనేది.

ఒక్కసారే తీగ పీకింది.
పారిపోయిన పెళ్లాం ఎక్కడ దాక్కుందో
ఒకడు వదినగారి నోట రాబడుతున్నాడు.
ఊరి పేరు ఆమె పెదవి దాటకముందే
లైను చచ్చిపోయింది.
తుపాను వల్ల, అని చెప్పింది నాయనమ్మ.
ఆ రోజు ఆకాశంలో మబ్బు తునక లేదు.

ఈ కథ నాకు ఎంతిష్టమో!
పదే పదే చెప్పించుకునేదాన్ని.
ఒకసారి మాత్రం అడిగాను:
మరి ఉప్పుకొట్టాల ఆడవాళ్లు సమ్మె చేసినప్పుడు
వాళ్ల ఫోన్లు కలపొద్దని వర్తకుడు అన్నాడట కదా?
అల్లిక సూదులు ఆగలేదు.
"ఆ నెల కలపలేదు" అంది.

అదే చెయ్యి.
నాకు కాఫీ కలిపిచ్చిన చెయ్యి.

పటాన్ని చంపేశాను.
ఏ కోర్టునీ అడగలేదు, ఎవర్నీ లేపలేదు.
వేలు ఎంత తేలిగ్గా దిగిందో చూసి
కాసేపు దాన్ని ఒళ్లో పెట్టుకు కూర్చున్నాను,
కరిచిన కుక్కపిల్లని పెట్టుకున్నట్టు.

తర్వాత ఓడ్లేవ్ పేజీలు చదివాను, నా పని కాకపోయినా.
నిజమో అబద్ధమో నాకెలా తెలుస్తుంది?
తూకాలు. తేదీలు. మధ్యలో ఒకచోట
"ఈవేళ మోకాలు నొప్పి, రేవుకి వెళ్లలేదు."
వకీలుకి ఒక్క వాక్యం రాశాను:
"న్యాయస్థానం ఉత్తర్వు ప్రతిని పంపగలరు."
ఉత్తర్వు వస్తే ఏం చేస్తానో
ఈ రాత్రి నన్నడక్కండి.

నాలుగు గంటలకి మళ్లీ ఆమె ఉత్తరం.
పటం ఇంకో దేశంలో, ఇంకెవరి అరలోనో లేచి కూర్చుంది.
అక్కడ రాత్రి డ్యూటీలో ఎవరున్నారో,
వాళ్ల నాయనమ్మ ఎవరో.

తెల్లారక హల్బ్యోర్న్ వచ్చి,
బూట్ల మంచు దులుపుకుంటూ అడిగాడు,
"పదకొండో వరుసలో ఒక లైటు ఆరిందేం?"
"తుపాను" అన్నాను.
కిటికీ అవతల ఫ్యోర్డు నీళ్లు
అద్దంలా ఉన్నాయి.