ఇరవై రెండు అంగుళాలు

రావులపాలెం బస్టాండులో
ఐదు రూపాయలు పుచ్చుకుని లోపలికి పంపేది నేనే.
ఆడవాళ్ళు ఇటు, మగవాళ్ళు అటు.
చివరి గది తలుపు మీద చక్రాల కుర్చీ బొమ్మ;
లోపల ఫినాయిలు డబ్బాలు, చీపుళ్ళు, చెవి ఊడిన బకెట్టు.
తాళం నా కొంగునే ఉంటుంది.

పల్లాలమ్మ జాకెట్లు కుడుతుంది.
ప్రతి సోమవారం మూడు చక్రాల బండి తొక్కలేక చేత్తో తిప్పుకుంటూ వచ్చి
మెళ్ళో టేపు తీసి గుమ్మం కొలుస్తుంది.
"ఇరవై రెండు. నా బండి ఇరవై ఎనిమిది."
కాయితం మీద రాసి డిపోలో ఇస్తుంది.
వాళ్ళు ముద్ర కొట్టి తీసుకుంటారు.
గుమ్మం వారం వారం పెరుగుతుందేమో అన్నట్టు
మళ్ళీ కొలుస్తుంది.

ఈమధ్య వెంట ఇంకొందరు:
రొయ్యల షెడ్డులో తలలు వలిచే సత్యవేణి,
ఇటొచ్చినా అటెళ్ళినా తిట్లు తినే మాధురి,
మూత్రం సంచీ పంచె మడతలో దాచుకున్న లెక్కల మాస్టారు.

నిన్న ఎండ మండిపోతోంది.
సీసా అందించబోతే
"వద్దు నూకాలూ, ఇంటికెళ్ళేదాకా తాగను" అంది.
రెండు పాయల నడుమ పుట్టిన మనిషి,
కాలవ గట్టు మీద కాపురం,
పెదాలు మాత్రం బీటలు.

రాత్రి చీపుళ్ళన్నీ బయట పడేసి గది కడిగాను.
తాపీ మేస్త్రిని పిలిచి చూపిస్తే
"పగలగొట్టడం పూట పని.
సంతకం ఎవరు పెడతారు?" అన్నాడు.

సోమవారం కాయితంలో
అన్నిటికన్నా వంకర సంతకం
నాది.