మేడ మీది కాడి

గుణుపురంలో మా గుడికి గంట లేదు.
చిన్న రైలు పట్టాలు పీకేసిన ఏడు
సమాధానం తాత, అప్పటికింకా గ్యాంగ్‌మన్,
మూరెడు పట్టాముక్క భుజాన మోసుకొచ్చి
వేపకొమ్మకి గొలుసేసి కట్టాడు.
సుత్తితో మూడు దెబ్బలు.
వంశధార అవతలి ఇసకలో
పుచ్చపాదులు కాసేవాళ్లక్కూడా
ఆదివారమని తెలిసేది.

మా తాతలు
కలప డిపోకి, రైలుకి, బియ్యం మిల్లుకి
పనికని వచ్చి
ఈ మట్టిలోనే పడుకున్నారు.
సమాధిరాళ్ల మీద పేర్లు తెలుగులో ఉన్నాయి.
చదవగలిగినవాళ్లం
పదకొండుమందిమి మిగిలాం.

పోయిన వేసవి
రోడ్డు వెడల్పు చేసేవాళ్లొచ్చి
గోడ మీద ఎర్రగీత గీశారు.
గీతకి అటు వరండా, చెప్పుల అరుగు, వేపచెట్టు.
ఇటు మేం.
ఆ వానల్లోనే కొండ మీద
సవరల ప్రార్థన ఇల్లు
బురదతోపాటు జారి
గెడ్డలోకి పోయింది.
నలభై ఇళ్లవాళ్లు.
ఒక్క రేకు దొరకలేదు.

"వాళ్లకి కప్పు లేదు, మనకి మనుషుల్లేరు,"
అన్నారు అయ్యగారు, పెద్దల కూటంలో.
తాత లేచి ఒక్కటే అడిగాడు:
"పాట ఏ బాసలో పాడతారేటి?"
ఎవరూ మాట్లాడలేదు.
టీ చల్లారిపోయింది.
నేను గ్లాసులు కడిగాను.
కరుణమ్మ ఆ రోజు నుంచి రాలేదు.

వాళ్లు వచ్చారు.
తెల్లారకుండానే కొండ దిగి,
కానుకకని అల్లం, పసుపు కొమ్ములు,
ఒక పనసకాయ మోసుకుని.
మార్తా రైతా గొడుగు చంకలో పెట్టుకుని
గుమ్మంలోనే నిలబడిపోయింది.
రమ్మనడానికి నాకు వాళ్ల మాట రాదు.
పొద్దున్న ఊడ్చి పరిచిన చాప
ఇంకొంచెం జరిపాను.
ఆమెకి అర్థమైంది.

నా మనవరాలు ప్రిస్కిల్లకి తెలుగు మాటొచ్చు, రాతరాదు.
సవర పిల్లలు బడిలో నేర్చిందీ ఒడియానే.
అందుకని అది రాత్రంతా కూర్చుని
మన పాట ఒడియా అక్షరాల్లో రాసింది,
కొండవాళ్లకీ, తనకీ.
ఒడియాలో ఎకీ ఏకీ ఒకటే అక్షరం,
కురచ లేదు, అన్నీ సాగుడే.
ఆ సంగతి మాకు పాడేదాకా తెలీలేదు.

"నా మెడ మీది కాడి నీవు మోసితివి"
అని మేం పదిమందిమి.
"నా మేడ మీది కాడి"
అని వందమంది.

పాట ఆగింది.
"మేడెవుడికుందే గుంటా మన వీధిలో?"
తాత గొంతు ఖంగుమంది.
ప్రిస్కిల్ల ముఖం ఎర్రబడింది.
ఏమైందని మార్తా అడిగితే
అయ్యగారు నా చేతిలో చీపురు లాక్కుని
మెడ మీద అడ్డంగా పెట్టుకుని చూపించారు,
తర్వాత కప్పు వైపు వేలెత్తి
అక్కడ పెట్టినట్టు చూపించారు.

కప్పు మీద కాడి!
మొదట మార్తా నవ్వింది,
పొగాకు నమిలిన పళ్లన్నీ కనబడేలా.
తర్వాత చాప మొత్తం.
తాత నవ్వలేదు.
కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు,
భుజాలు మాత్రం
పట్టాల మీద ట్రాలీలా ఊగాయి.

క్రిస్మస్ ముందు గోడ కొట్టేశారు.
వేపచెట్టూ పోయింది.
పట్టాముక్క ఇప్పుడు మా ఇంట్లో
బియ్యం డబ్బా పక్కన ఉంది,
ఎక్కడ కట్టాలో ఇంకా తేలలేదు.
కొండవాళ్లు ఒక చెట్టు పేరు చెప్పారు,
తెలుగులో దాన్నేమంటారో నాకు తెలీదు.

నిన్న సంతలో కరుణమ్మ కనబడింది.
"పాట మారిపోయిందటగా," అంది.
మారలేదన్నాను.
కాసేపాగి, మారిందన్నాను.
అల్లం బేరమాడుతూ ఆమె
ఏ పూట కూడుకుంటున్నారని అడిగింది,
అటు చూస్తూనే.

తాత మాత్రం ఇంకా మెడ అనే పాడతాడు,
గట్టిగా, అందరికంటే ముందు.
మిగిలినవాళ్లం
మేడ మీదే ఉంటాం.