పానం

మంగళ, గురు, శని.
ఎంజీఎం ఆస్పత్రి, కిటికీ పక్క మంచం.
నాలుగు గంటలు నా నెత్తురు బయట తిరిగి
మళ్ళీ ఇంటికొస్తుంది.

ఎడమ చెయ్యి మిషనుకిచ్చాను.
కుడి చేతి కింద ఒక దీవి మనిషి చివరి పుస్తకం.
దీవి పేరు చెప్పను, మీరు పటంలో వెతుకుతారు.
ఆయన పేజీకి పదిసార్లు సముద్రం అంటాడు.
నాకు రోజుకి ముప్పావు లీటరు,
పచ్చిపులుసుతో కలిపి.
సముద్రాన్ని తెలుగు చేస్తుంటే
నాలుక అంగిలికి అంటుకుంటుంది.

దొరల భాషలో చావు గురించి చక్కగా రాస్తూ రాస్తూ
ఉన్నట్టుండి నాయనమ్మ మాటొకటి పడేస్తాడు.
అర్థం ఇవ్వడు.
అక్కడే ఆగాను, పద్దెనిమిది రోజులుగా.
'ప్రాణం' అని రాసి చూశాను.
ఇస్త్రీ చొక్కా తొడిగిన శవంలా ఉంది.

పక్క మంచం ఓదెలు ఎనుమాముల మార్కెట్ల దడ్వాయి.
ముప్పై ఏండ్లు మిర్చి తూచిన చెయ్యి.
సువర్త సిస్టర్ మమ్మల్ని ముందోసారి, వెనకోసారి తూస్తుంది.
నీళ్ళు పోను యాభై ఆరు కిలోలు నేను.
"గోనెసంచికి తరుగు తీస్తం సారూ,
మనకు నీళ్ళు తీస్తున్రు.
ఆఖర్కి తూసేది ఎవర్ని?"

ద్వీపం అంటే రెండు వైపులా నీళ్ళున్నదని
నిఘంటువు.
బయటొక వైపు. లోపలొక వైపు.

ఓదెలు సముద్రం చూడలేదు.
సూది గుచ్చే చోట నరం హోరుమంటుంది కదా,
అది చెవికి పెట్టుకోమన్నాను.
చాలాసేపు విన్నాడు.
"కాజీపేట టేషన్ల గూడ్సుబండి తీర్గున్నది."

ఆరో తరగతిలో, మా అమ్మకు పానం బాగలేదని
సెలవుచీటీ రాశాను.
పంతులు ఎర్రసిరాతో చుట్టాడు:
పానం అంటే తాగేదిరా.
క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఆలస్యంగా.
తర్వాత ముప్పై నాలుగేళ్ళు హనుమకొండ కాలేజీలో
ఆ ఎర్రసిరా నా జేబులో ఉంది.
ఎందరి అమ్మలను చుట్టానో.

ఈ శనివారం ఓదెలు రాలేదు.
మిర్చి సీజను, మార్కెట్ల బస్తాలు ఆగవు, అంది సువర్త.
ఆ మంచం మీద కొత్త దుప్పటి పరుస్తూ అంది.
నేను ఇంకేం అడగలేదు.

పోయిన గురువారం పోతూ పోతూ అన్నాడు:
"పానం ఎట్లుందని అందరడుగుతరు గని సారూ,
అది ఎట్లుంటదో చూసినోడున్నడా?"

ప్రాణం కొట్టేశాను.
పానం అని రాసిన.
కింద అర్థం ఇయ్యలే.

ఇయ్యాల్టి లెక్కల ఇంకా రెండు గుటకలున్నయి.
ఒకటి తాగిన.